బ్రూసెల్లా కేనిస్: భారమంతా పశువైద్యుల మీదేనా?

బ్రిటన్‌లో ఒక కుక్కను మొదటిసారి చికిత్సకు తీసుకువచ్చినప్పుడు, దాని ఒంటి మీద చెయ్యి వేయకముందే పశువైద్యులు అడగవలసిన ప్రశ్న ఒకటి గత కొన్నేళ్లలో కొత్తగా వచ్చి చేరింది. ఈ కుక్క ఏ దేశంలో పుట్టింది, ఇక్కడికి ఎప్పుడు వచ్చింది అన్నదే ఆ ప్రశ్న. దాని వెనుక ఉన్నది బ్రూసెల్లా కేనిస్ అనే బాక్టీరియా. 1989 నాటి జూనోసెస్ ఉత్తర్వును 2021లో సవరించి, కుక్కల్లో బ్రూసెల్లా బయటపడితే ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలియజేయాలన్న నిబంధన తెచ్చారు. ఆ తరువాత ప్రభుత్వ పశు ఆరోగ్య సంస్థ ఆఫా, బ్రిటిష్ చిన్న జంతువుల పశువైద్య సంఘం, ప్రజారోగ్య నిపుణుల బృందాలు వరుసగా మార్గదర్శకాలు వెలువరించాయి. అవి జాగ్రత్తగా, శాస్త్రాన్ని దాటి ఒక్క మాట కూడా చెప్పకుండా రాసిన పత్రాలు. నా అభ్యంతరం వాటిలోని సలహాల మీద కాదు. వ్యాధిని కనిపెట్టడం, సిబ్బందిని కాపాడుకోవడం, అరకొర పరీక్షకు అర్థం చెప్పడం, చివరికి చూడడానికి ఆరోగ్యంగా ఉన్న కుక్క బతకాలా వద్దా అన్న మాట యజమానితో ఎత్తడం, ఈ నాలుగు పనులూ ఒక్క పశువైద్యుడి గదిలోకే నెట్టి, ఆ కుక్క దేశంలోకి వచ్చిన దారిని మాత్రం బార్లా తెరిచి ఉంచిన ఏర్పాటు మీద.

ముందుగా ఈ బాక్టీరియా స్వభావం తెలియాలి. 1966లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో లీలాండ్ కార్మైకేల్ దీన్ని గుర్తించారు. బీగిల్ కుక్కలను పెంచే కేంద్రాల్లో చూలు కుక్కలు వరుసగా పిల్లలను కోల్పోతూ ఉండడానికి కారణం వెతుకుతూ ఆయన దీన్ని పట్టుకున్నారు. గేదెల్లో, ఆవుల్లో ఈసుకుపోవడానికి కారణమయ్యే బ్రూసెల్లా అబార్టస్, గొర్రెలు మేకల నుంచి మనుషులకు జ్వరాలు తెచ్చే బ్రూసెల్లా మెలిటెన్సిస్ దీని దగ్గరి బంధువులే. అయితే పశువుల జబ్బుతో బ్రిటన్ ఏనాడో తెగతెంపులు చేసుకుంది. గ్రేట్ బ్రిటన్‌లోని పశుసంపద బ్రూసెల్లోసిస్ నుంచి విముక్తమైనట్లు 1985లోనే అధికారికంగా గుర్తింపు వచ్చింది. అంటే ఇప్పుడు పనిచేస్తున్న పశువైద్యుల్లో చాలామంది ఈ పేరును పాఠ్యపుస్తకంలో చదివి, పరీక్షలో రాసి, మరిచిపోయినవారే. అలాంటి చోటికి అదే వంశానికి చెందిన మరో బాక్టీరియా పెంపుడు కుక్క రూపంలో, ఇంటి సోఫా మీదికే నేరుగా వచ్చింది.

ఇది ఎక్కువగా పునరుత్పత్తి అవయవాలను ఆశ్రయిస్తుంది. చూలు చివరి దశలో, సుమారు ఏడు నుంచి తొమ్మిది వారాల మధ్య పిల్లలు చనిపోయి పడిపోవడం, జత కట్టించినా చూలు నిలవకపోవడం, మగ కుక్కల్లో వృషణాలు, వాటి పక్కనుండే శుక్రనాళికలు వాచిపోవడం దీని ప్రసిద్ధ లక్షణాలు. వెన్నుపూసల మధ్య డిస్కులకు సోకి నడుము నొప్పి, కుంటితనం తెస్తుంది. కంటిలోపల వాపు తెస్తుంది. ఇవేవీ లేకుండా ఏళ్ల తరబడి హాయిగా తిరిగే కుక్కలు కూడా ఎన్నో. అసలు చిక్కు అక్కడే ఉంది. ఈ సూక్ష్మజీవి రక్షణ కణాల లోపలే దాక్కొని బతుకుతుంది కాబట్టి మందులు దాన్ని పూర్తిగా చేరలేవు. రక్తంలో ఒకసారి కనిపించి, కొన్నాళ్లు కనిపించకుండా పోయి, మళ్లీ ప్రత్యక్షమవుతుంది. పిల్లలు పెట్టేటప్పుడు, గర్భస్రావమైనప్పుడు వచ్చే స్రావాల్లోనూ మాయలోనూ దీని సంఖ్య అపారంగా ఉంటుంది. వీర్యంలో, మూత్రంలో, పాలల్లో కూడా వస్తుంది. మామూలు క్రిమిసంహారకాలకే చస్తుంది గాని, చెత్త, తేమ ఉన్న చోట నీడపట్టున చాలా రోజులు నిలవగలదు.

2020కి ముందు బ్రిటన్‌లో కుక్కల్లో దీన్ని గుర్తించిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. ఆ ఏడాది వేసవి నుంచి లెక్క పెరగడం మొదలైంది. బయటపడిన కుక్కల్లో అత్యధిక భాగం విదేశాల్లో, అందులోనూ రొమేనియా వంటి తూర్పు యూరప్ దేశాల్లో పుట్టి, అక్కడి వీధుల నుంచి, ఆశ్రయ కేంద్రాల నుంచి తెచ్చినవి. కొవిడ్ కాలంలో ఇళ్లలో చిక్కుకుపోయిన మనుషులు కుక్కల కోసం ఎగబడ్డారు. స్వదేశంలో పిల్లల ధరలు ఆకాశాన్నంటాయి. వీధి కుక్కను కాపాడి తెచ్చుకుంటే అటు డబ్బూ మిగులుతుంది, ఇటు పుణ్యమూ దక్కుతుందన్న భావం పెరిగింది. ఆ జాలిలో తప్పేమీ లేదు. అది మనుషుల్లోని మంచి గుణం. కానీ ఆ కుక్కలు సరిహద్దు దాటడానికి చట్టం కోరినవి మైక్రోచిప్, రేబిస్ టీకా, బద్దెపురుగు మందు వంటివి మాత్రమే. బ్రూసెల్లా పరీక్ష ఆ జాబితాలో లేదు.

ఈ జబ్బు మనుషులకు సోకుతుందన్న సంగతి చాలాకాలంగా తెలిసినదే. 2012లో న్యూయార్క్‌లో మూడేళ్ల పిల్లకు జ్వరం వస్తే, రక్తంలోనూ, అంతకు ముందు ఇంటికి తెచ్చిన కుక్కపిల్లలోనూ ఒకే బ్రూసెల్లా కేనిస్ దొరికింది. ఆ నమూనాలు ఏమిటో తెలియక చేతులతో పట్టుకున్న ప్రయోగశాల సిబ్బంది అనేకమందిని ఆ తరువాత నెలల పాటు గమనిస్తూ ఉండవలసి వచ్చింది. బ్రిటన్‌లో కుక్క నుంచి మనిషికి సోకినట్లు మొదట తేలిన సంఘటన 2022లో జరిగింది. బెలారస్ నుంచి తెచ్చిన చూలు కుక్కను ఇంట్లో తాత్కాలికంగా సాకుతున్న ఒక మహిళ, దానికి గర్భస్రావమైన తరువాత జబ్బుపడి ఆసుపత్రిలో చేరారు. అదృష్టవశాత్తు ఇలాంటివి అరుదు. మనుషులకూ జంతువులకూ ఉమ్మడిగా వచ్చే అంటువ్యాధుల ముప్పును అంచనా వేసే ప్రభుత్వ బృందం సామాన్య ప్రజలకు ప్రమాదం చాలా తక్కువనీ, పశువైద్య సిబ్బందికీ కుక్కల పెంపకందారులకూ అంతకంటె కొంత ఎక్కువనీ తేల్చింది. ఆ అంచనా సమంజసమైనదే. దాన్ని భూతద్దంలో చూపించి, విదేశీ కుక్క ఎదురైతే వీధి దాటి పొమ్మని జనాన్ని భయపెట్టిన పత్రికా శీర్షికలు ఎవరికీ మేలు చేయలేదు.

ఇక చట్టం ఏం చెబుతోంది, ఏం చెప్పడం లేదు అన్నది చూడాలి. కుక్కలో బ్రూసెల్లా ఉన్నట్లు కల్చర్‌లో (బాక్టీరియాను పెంచి చూడడంలో) గాని, జన్యు పరీక్షలో గాని, రక్తంలోని ప్రతిరక్షకాల (యాంటీబాడీల) పరీక్షలో గాని తేలితే ఆఫాకు తెలియజేయాలి. అక్కడి నుంచి సమాచారం ప్రజారోగ్య అధికారులకు వెళ్తుంది. వాళ్లు కుటుంబ సభ్యులతో, సిబ్బందితో మాట్లాడి ఎవరికి ప్రమాదముందో అంచనా వేస్తారు. ఇంతవరకు వ్యవస్థ సవ్యంగా నడుస్తుంది. కానీ గాలికుంటు వ్యాధి బయటపడితే అధికారులే వచ్చి, మందను నిర్బంధించి, నష్టపరిహారం లెక్కగట్టి, మిగిలిన పనంతా తమ చేతిలోకి తీసుకుంటారు. ఇక్కడ అలా జరగదు. కుక్కను విడిగా ఉంచాలన్నా, సంతాన నియంత్రణ ఆపరేషన్ చేయించాలన్నా, కారుణ్య మరణం ఇప్పించాలన్నా అది సలహాయే. తీసుకోవడం, మానడం యజమాని ఇష్టం. ఆ సలహాను ఆ కుటుంబానికి వినిపించవలసింది వాళ్లను రేపు, ఎల్లుండి, ఏడాది తరువాత కూడా చూడవలసిన ఊరి పశువైద్యుడు. తెలియజేయడం చట్టబద్ధమైన బాధ్యత, ఆ తరువాత జరగవలసినదంతా వ్యక్తిగత మర్యాద అన్నట్లుగా ఈ ఏర్పాటు ఉంది.

మార్గదర్శకాల్లో ఆసుపత్రి ఆవరణకు సంబంధించిన భాగం నాకు అన్నిటికంటె నచ్చింది. అందులో భయమూ లేదు, నిర్లక్ష్యమూ లేదు. ప్రతి సందర్భాన్నీ విడిగా అంచనా వేయమంటుంది. రొమేనియా నుంచి వచ్చి నాలుగేళ్లయి, ఆపరేషన్ అయిపోయి, ఏ లక్షణమూ లేని కుక్కకు టీకా వేయడం ఒక సంగతి. నిన్నగాక మొన్న దిగి, గర్భస్రావమై, స్రావం కారుతున్న ఆడ కుక్కను ముట్టుకోవడం పూర్తిగా వేరే సంగతి. మొదటిదానికి మామూలు శుభ్రత చాలు. రెండోదానికి చేతి తొడుగులు, ఏప్రాన్, మాస్కు, కళ్లద్దాలు కావాలి. ఆ రోజు చివరి కేసుగా పిలవాలి, వేచి ఉండే గదిలో కూర్చోబెట్టకుండా నేరుగా లోపలికి తీసుకోవాలి. గర్భిణులను, రోగనిరోధక శక్తి తగ్గినవారిని ఆ గదిలోకి రానివ్వకూడదు. గర్భాశయం, వృషణాలు తొలగించే ఆపరేషన్లు, సిజేరియన్లు ప్రత్యేక శ్రద్ధతో చేయవలసినవి. బాక్టీరియా గూడు కట్టుకున్న కణజాలాన్నే కత్తితో కోస్తున్నామని ఆపరేషన్ బల్ల దగ్గర ఉన్న ప్రతి ఒక్కరికీ ముందే తెలిసి ఉండాలి. ఇవన్నీ పశువైద్యుడి మంచితనానికి వదిలేసిన విషయాలు కావు. ఆరోగ్యానికి హాని చేసే పదార్థాల నియంత్రణకు 2002లో చేసిన నిబంధనల ప్రకారం సిబ్బందిని ఇలాంటి సూక్ష్మజీవుల నుంచి కాపాడడం ఆసుపత్రి యజమాని చట్టబద్ధమైన విధి. ఆపరేషన్ గదిలో నర్సుగా పనిచేసే ఇరవై ఏళ్ల యువతికి తాను గర్భవతినన్న సంగతి తెలిసే లోపే ప్రమాదం జరిగిపోవచ్చు. ఆ కోణంలో చూసినప్పుడు కొన్ని ఆసుపత్రుల అతిజాగ్రత్త నాకు అర్థమవుతుంది.

అర్థమైనా, ఆ జాగ్రత్త కొన్నిచోట్ల తీసుకున్న రూపాన్ని సమర్థించలేను. విదేశాల నుంచి వచ్చిన ఏ కుక్కనైనా సరే, బ్రూసెల్లా లేదని రక్తపరీక్ష కాగితం చూపిస్తే తప్ప లోపలికి రానివ్వబోమని కొన్ని ఆసుపత్రులు షరతు పెట్టాయి. ఇది చూడడానికి పద్ధతిగా కనిపిస్తుంది గాని, ఫలితం తలకిందులుగా వస్తుంది. తన కుక్క రొమేనియా నుంచి వచ్చిందని నిజం చెప్పిన మనిషిని గుమ్మంలోనే ఆపితే, ఆ మనిషి రెండో ఆసుపత్రికి వెళ్లినప్పుడు నిజం చెప్పడు. ఇక్కడే పక్క ఊళ్లో కొన్నామంటాడు. అప్పుడు ఆ కుక్కను తొడుగుల్లేని చేతులతో ముట్టుకునేది ఆ రెండో ఆసుపత్రి నర్సు. వ్యాధి చరిత్రను దాచుకోవలసిన అవసరం కల్పించే ఏ నిబంధనైనా వ్యాధికే తోడ్పడుతుంది. పైగా ఈ షరతు వల్ల నొప్పితో కుంటుతున్న కుక్కకు, అంటే అన్నిటికంటె ముందుగా పరీక్షించవలసిన కుక్కకు, చికిత్స అందకుండా పోతుంది. గంపగుత్తగా నిరాకరించవద్దనీ, సందర్భాన్ని బట్టి తూకం వేయాలనీ పశువైద్య సంఘాలు చెప్పడం సరైన పని. ఆ మాటను మరింత గట్టిగా, మొదటి పేజీలోనే చెప్పి ఉండవలసింది.

పరీక్ష దగ్గరికి వస్తే విషయం మరింత లోతైనది, దీని మీద కాస్త నిలబడక తప్పదు. బ్రూసెల్లా అబార్టస్ వంటి బాక్టీరియాల పైపొరలో ఒక రకమైన చక్కెర గొలుసు ఉంటుంది. పశువులకు దశాబ్దాలుగా వాడుతున్న రోజ్ బెంగాల్ వంటి పరీక్షలు ఆ గొలుసుకు వ్యతిరేకంగా పుట్టిన ప్రతిరక్షకాలనే పట్టుకుంటాయి. బ్రూసెల్లా కేనిస్ పైపొరలో ఆ గొలుసు లేదు. కాబట్టి పశువుల పరీక్ష కుక్కకు చేస్తే జబ్బున్నా లేదనే వస్తుంది. ఇందుకోసం ఆఫా వేబ్రిడ్జ్ ప్రయోగశాలలో వేరే యాంటిజెన్‌తో రెండు రకాల పరీక్షలు కలిపి చేస్తారు. ఒకటి ద్రవంలో బాక్టీరియా గుంపుకట్టడాన్ని చూసేది, రెండోది రంగు మార్పును బట్టి ప్రతిరక్షకాలను పట్టే ఎలైజా. రక్తం నుంచి బాక్టీరియాను పెంచి చూడడం అన్నిటికంటె నిక్కచ్చి రుజువే గాని, అది రక్తంలో అప్పుడప్పుడే తిరుగుతుంది కాబట్టి దొరకలేదంటే లేదని అర్థం కాదు. దాన్ని పెంచే ప్రయోగశాలకు మూడో స్థాయి భద్రతా ఏర్పాట్లూ ఉండాలి.

ప్రతిరక్షకాలు నమ్మదగిన స్థాయికి చేరడానికి వారాలు పడుతుంది. అందుకే సోకే అవకాశమున్న చివరి రోజు నుంచి మూడు నెలలైనా ఆగి పరీక్షించాలని మార్గదర్శకం చెబుతుంది. కుక్క దిగిన వారంలోనే రక్తం తీసి, లేదని ఫలితం వస్తే సంతోషించడం ఆత్మవంచనే. ఇది ఒక వైపు. రెండో వైపు, ఉందని వచ్చిన ఫలితం కూడా ప్రతిసారీ జబ్బుందని చెప్పదు. కేవలం లెక్క అర్థం కావడం కోసం ఒక ఊహాజనిత ఉదాహరణ చూద్దాం. జబ్బున్న నూరు కుక్కల్లో 90ని పట్టుకుని, జబ్బులేని నూరింటిలో మూడింటిని పొరపాటున ఉందని చెప్పే పరీక్ష ఉందనుకుందాం. వెయ్యి కుక్కల గుంపులో నిజంగా జబ్బున్నవి పది అయితే, ఆ పరీక్ష తొమ్మిదింటిని సరిగ్గా పట్టుకుంటుంది, జబ్బులేని మరో 30 కుక్కల మీద తప్పు ముద్ర వేస్తుంది. ఉందని వచ్చిన 39లో నిజం తొమ్మిదే. అదే పరీక్షను నడుము నొప్పి, గర్భస్రావం వంటి లక్షణాలున్న కుక్కల గుంపులో, వెయ్యికి 200 జబ్బుతో ఉన్నచోట చేస్తే, ఉందని వచ్చిన 204లో 180 నిజమైనవి. పరీక్ష మారలేదు, కుక్కలు మారాయి. లక్షణాలు లేని కుక్కలకు తంతుగా రక్తం తీసి, వచ్చిన ఫలితాన్ని తీర్పుగా భావించడం ఎందుకు ప్రమాదమో ఈ చిన్న లెక్క చెబుతుంది. సంఘం పత్రాలు దీన్ని చెబుతూనే ఉన్నా, సాంకేతిక పదాల మధ్య చెబుతున్నాయి. యజమాని చేతికి ఇవ్వగలిగేలా, సగటు మనిషికి అర్థమయ్యే భాషలో ఒక పేజీ ఉంటే, ఆసుపత్రుల్లో ఎన్నో బాధాకరమైన సంభాషణలు మరో రకంగా సాగేవి.

అందుకే నా దృష్టిలో ఈ మార్గదర్శకాల్లో అన్నిటికంటె ముఖ్యమైన వాక్యం పరీక్షకు ముందు యజమానితో జరగవలసిన మాటల గురించినది. ఫలితం ఉందని వస్తే ఏమవుతుంది? ఆఫాకు వెళ్తుంది, వెనక్కి తీసుకోవడం కుదరదు. ప్రజారోగ్య అధికారులు ఫోన్ చేస్తారు. ఇంట్లోని మిగతా కుక్కలకు కూడా పరీక్షలు చేయాలి. కుక్కను పార్కులకు, వేరే ఇళ్లకు తీసుకువెళ్లకుండా కట్టడి చేయాలి. దాన్ని చూసుకునే సంస్థలు, రాత్రిపూట ఉంచే కేంద్రాలు ఇక రానివ్వకపోవచ్చు. ఇవన్నీ విన్న తరువాత యజమాని ఒప్పుకుంటేనే సూది గుచ్చాలి. దంతాలు శుభ్రం చేయించడానికి వచ్చినవారి చేత ఆసుపత్రి నిబంధన అంటూ సంతకం పెట్టించి, పది రోజుల తరువాత ఈ వరుసనంతా వాళ్ల నెత్తిన పడేయడం అన్యాయం. అది ఆ మనిషి పట్ల మాత్రమే కాదు, ఆ ఫోన్ చేయవలసిన యువ పశువైద్యురాలి పట్ల కూడా అన్యాయమే.

జబ్బు ఉందని నిర్ధారణ అయ్యాక మిగిలే దారులు చాలా తక్కువ, అన్నీ కష్టమైనవే. డాక్సీసైక్లిన్‌తో పాటు మరో రకం యాంటీబయాటిక్‌ను కలిపి వారాల తరబడి ఇస్తారు. లక్షణాలు తగ్గుతాయి, కుక్క హుషారుగా తిరుగుతుంది, మందు ఆపిన కొన్నాళ్లకు బాక్టీరియా మళ్లీ తలెత్తవచ్చు. మందుల వల్ల ప్రతిరక్షకాల స్థాయి పడిపోయి, జబ్బు పోయిందన్న తప్పుడు ధైర్యం రావచ్చు. ఆపరేషన్ చేసి గర్భాశయమో వృషణాలో తీసేస్తే బయటికి వచ్చే బాక్టీరియా బాగా తగ్గుతుంది గాని, మిగతా అవయవాల్లో దాగినది అలాగే ఉంటుంది. ఒకసారి సోకిన కుక్కను జీవితాంతం సోకినదిగానే చూడాలని నిపుణులు అనడం అందుకే. ముప్పును పూర్తిగా తొలగించే మార్గం కారుణ్య మరణం ఒక్కటేనని అధికారిక పత్రాలు చెబుతాయి. ఆ మాట శాస్త్రరీత్యా నిజం. ఆ నిజాన్ని సలహాగా మార్చేటప్పుడు మాత్రం ఇంటి పరిస్థితి చూడాలి. ఒంటరిగా ఉండే, ఆరోగ్యవంతుడైన, నియమాలు పాటించగల పెద్దమనిషి ఇంట్లోని ఆపరేషన్ అయిన ముసలి కుక్క ఒకటి. పసిపిల్లలూ, నిండు గర్భిణీ ఉన్న ఇంట్లోని, ఇంకా ఆపరేషన్ కాని ఏడాది వయసు ఆడ కుక్క మరొకటి. ఈ రెండింటికీ ఒకే సమాధానం ఇవ్వకూడదు. రెండో ఇంట్లో అయితే నేను కుక్క పక్షాన వాదించను.

ఇక్కడ వైద్యుల పాత్ర గురించి ఒక మాట చెప్పాలి, ముఖ్యంగా బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవలో పనిచేస్తున్న తెలుగు వైద్యుల సంఖ్య తక్కువేమీ కాదు కాబట్టి. మన దగ్గర చదివినవారికి బ్రూసెల్లోసిస్ అంటే పాడి రైతు, పచ్చిపాలు, వచ్చిపోయే జ్వరం గుర్తుకొస్తాయి. బ్రూసెల్లా కేనిస్ వల్ల వచ్చే జ్వరం కూడా అలాగే ఉంటుంది: చెమటలు, తలనొప్పి, కీళ్ల నొప్పులు, బరువు తగ్గడం, వారాలూ నెలలూ సాగే నీరసం. కానీ మనుషులకు చేసే మామూలు బ్రూసెల్లా రక్తపరీక్షలు కూడా ఆ చక్కెర గొలుసును పట్టుకునేవే. కాబట్టి ఈ జ్వరంలో అవి లేదనే చెప్పవచ్చు. రక్తాన్ని కల్చర్‌కు పంపడం, పంపేటప్పుడు బ్రూసెల్లా అనుమానమని ప్రయోగశాలకు ముందే రాయడం రెండూ అవసరం. ఆ రాత ప్రయోగశాల సిబ్బంది ప్రాణానికి రక్ష. ఇంట్లో కుక్క ఉందా, ఎక్కడిది, ఈ మధ్య దానికి గర్భస్రావమైందా అని అడగడానికి అర నిమిషం చాలు. పశువైద్యుడు ఆఫాకు పంపిన సమాచారం ఆ కుటుంబాన్ని చూసే వైద్యుడి దాకా చేరితే ఆ అర నిమిషం కూడా మిగులుతుంది.

మన రాష్ట్రాలకు వర్తించే అంశమూ ఇందులో ఒకటుంది. 2009 నాటి జంతు అంటువ్యాధుల నివారణ చట్టం జాబితాలో బ్రూసెల్లోసిస్ ఉంది. 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద నాలుగు నుంచి ఎనిమిది నెలల ఆడ దూడలకు టీకా వేస్తున్నారు. ఈ యంత్రాంగమంతా పశువుల బ్రూసెల్లా కోసం తయారైనది. పెయ్యకు వేసే టీకా, ఆవుకు చేసే రోజ్ బెంగాల్ పరీక్ష కుక్కలోని కేనిస్ విషయంలో ఏమీ చెప్పవు. హైదరాబాద్, విజయవాడ, విశాఖ వంటి నగరాల్లో జాతి కుక్కల పెంపకం సాగుతోంది. ఒక మగ కుక్కను ఎందరో యజమానుల ఆడ కుక్కలతో జత కట్టించడం మామూలే. జత కట్టించే ముందు కేనిస్‌కు సరిపోయే పరీక్ష చేయించడం, చూలు చివర్లో పిల్లలు పోతే దాన్ని దురదృష్టంగా వదిలేయక కారణం వెతకడం, గర్భస్రావమైన కుక్క మాయను, స్రావాలను ఇంటివాళ్లు ఉత్త చేతులతో ఎత్తకుండా చూడడం మన పశువైద్యులు ఇవాళే చెప్పగల మాటలు. వీధికుక్కలకు సంతాన నియంత్రణ ఆపరేషన్లు రోజుకు పదుల సంఖ్యలో చేసే శిబిరాల్లో, కోసి తీసిన గర్భాశయాలను, వృషణాలను బకెట్లలోకి ఎత్తే సహాయకులకు కూడా మంచి తొడుగులు, కళ్లద్దాలు ఇవ్వాలి. ఆ పని చేసేవారిలో చాలామందికి ఉద్యోగ భద్రతా లేదు, ఆరోగ్య బీమా లేదు.

తిరిగి బ్రిటన్ విషయానికి వస్తే, పరిష్కారం ఎగుమతికి ముందు పరీక్షేనని పశువైద్య సంఘాలు చాలాకాలంగా కోరుతున్నాయి. ఆ కోరికను నేను పూర్తిగా సమర్థిస్తాను. కుక్క ఎవరి ఇంటికీ చేరకముందే, ఎవరి పిల్లలూ దానికి పేరు పెట్టకముందే తేలవలసిన విషయాన్ని, చేరిన ఆరు నెలలకు తేల్చడంలోని క్రూరత్వం చిన్నది కాదు. అయితే ఒక్క పరీక్షతో పని జరుగుతుందనుకుంటే పొరపాటు. రేబిస్ టీకాకు కనీస వయసు 12 వారాలు, ఆపైన 21 రోజుల నిరీక్షణ. అంటే నాలుగో నెలలోనే ప్రయాణానికి సిద్ధమయ్యే పిల్లలున్నాయి. వందల కుక్కలు ఒకే ఆవరణలో కలిసి తిరిగే ఆశ్రయ కేంద్రంలో, సోకే అవకాశమున్న చివరి రోజు అంటే అది బయలుదేరిన రోజే. బయలుదేరే ముందు తీసిన రక్తంలో లేదని వచ్చినా, దారిలోనో అంతకు రెండు వారాల ముందో సోకినది అందులో కనబడదు. కాబట్టి బయలుదేరే ముందు ఒకసారి, చేరిన మూడు నెలలకు మరోసారి పరీక్ష కావాలి. ఆ మూడు నెలలూ కుక్కను జత కట్టించకూడదు, వేరే ఇంటికి మార్చకూడదు. చూలుతో ఉన్న ఆడ కుక్కలను అసలు పంపకూడదు. ప్రయాణంలోనో, సాకే ఇంటి వంటగదిలోనో పిల్లలు పెట్టే కుక్క వల్ల కలిగే ముప్పుకు మిగతావన్నీ కలిపినా సాటి రావు.

ఖర్చు మాటా తేలాలి. ఇప్పుడు రెండో పరీక్ష ఖర్చు, ఫలితం వచ్చాక మందులు, ఆపరేషన్, కారుణ్య మరణం అన్నీ కుక్కను ఆదరించిన కుటుంబం మీదే పడుతున్నాయి. కుక్కను దత్తతకు ఇచ్చే సంస్థలు ఇందుకోసం రుసుము తీసుకుంటాయి, ఒప్పంద పత్రం రాయించుకుంటాయి. ఆ పత్రంలోనే మొదటి పరీక్ష నివేదిక జతచేయడం, మూడు నెలల పరీక్ష ఖర్చు సంస్థే భరించడం, ఉందని తేలితే కుక్కను వెనక్కి తీసుకోవడమో, దాన్ని ఉంచుకున్న కుటుంబానికి ఆపరేషన్ ఖర్చు ఇవ్వడమో తప్పనిసరి చేయాలి. ఇందుకు కొత్త శాఖ అక్కర్లేదు. దిగుమతి నిబంధనల్లో ఒక షరతు, దత్తత సంస్థల నమోదులో ఒక షరతు చాలు. మంచి సంస్థలు ఇప్పటికే స్వచ్ఛందంగా పరీక్షలు చేయిస్తున్నాయి. షరతు వస్తే, ఆ ఖర్చు తప్పించుకుని తక్కువ రుసుముకు కుక్కలను పంపే సంస్థలతో అవి పోటీ పడవలసిన అవసరం ఉండదు. దిగుమతి కుక్క మొదటిసారి పశువైద్యుడి గదిలోకి వచ్చినప్పుడు యజమాని చేతి సంచిలో టీకా పుస్తకంతో పాటు ఆ నివేదిక కూడా ఉంటే, వైద్యుడు మూడు నెలల పరీక్షకు తేదీ రాసి, మామూలుగా దాని చెవులు, దంతాలు చూడడం మొదలుపెట్టగలుగుతాడు.